ఒక్క చాలు

ప్రతి ఏడూ ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి నేను కిటికీ వైపు తిరుగుతాను. పిల్లలు గాలికనుకుంటారు. మాచర్లలో సోషల్ టీచరుగా చేరిన నాటి నుంచీ చెబుతూనే ఉన్నాను, రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు. పుస్తకంలో దీనికి ఇచ్చింది నాలుగు వరుసలు. జర్మనీ అడిగిందల్లా ఇంగ్లండు, ఫ్రాన్సు ఇచ్చుకుంటూ పోయాయి, ఇచ్చేకొద్దీ దానికి బలుపెక్కింది, యుద్ధం మాత్రం ఆగలేదు. దీన్ని బుజ్జగింపు విధానం అంటారు. కింద ప్రశ్న: బుజ్జగింపు విధానం సరైనదేనా? క్లాసు మొత్తం "కాదు మేడమ్" అంటుంది. నేను మార్కులేస్తాను. వెయ్యక చస్తానా, పుస్తకంలో ఉన్నది అదేగా.

అసలు ఆ మాటని ఈ పనికి ఎవడు వాడాడో గానీ నాకు ఒళ్లు మండుతుంది. మా ఇళ్లల్లో బుజ్జగించడం అంటే అన్నం తినని పిల్లని చంకనేసుకుని, వీధిలో పోయే బర్రెని చూపించి, నోరు తెరిచినప్పుడు ముద్ద పెట్టడం. మా నాన్న మా బాబాయిని అట్లాగే పెంచాడు. మా తాత పోయేనాటికి బాబాయికి ఊహ తెలీదు. అన్నే అన్నం పెట్టాడు, అన్నే స్నానం చేయించాడు, ఏడిస్తే అన్నే ఎత్తుకున్నాడు. బాబాయికి పెళ్లయి, కూతురు పుట్టి, మీసం నెరుస్తున్నా మా నాన్నకి ఆ అలవాటు పోలేదు. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడంటే ఆయనకి అన్నం సయించేది కాదు.

మాది నరసరావుపేటకి బస్సులో గంట దూరం. సాగర్ కాలవ కింద మిరప, పత్తి వేసే ఊరు. మా ఇల్లూ బాబాయి ఇల్లూ ఒకే వాకిట్లో ఉండేవి, మధ్యలో గోడ లేదు. బాబాయి కూతురు నాకంటే నెలల్లో చిన్నది. చెల్లీ అని పిలవాలి గానీ నేనెప్పుడూ పిలవలేదు. నేను ఏమే అంటే తను ఏమే అనేది, అంతే. పొద్దున్నే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నా జడ తనే వేసేది. వేసి, కొస పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగేది, బిగిసిందో లేదో చూడటానికి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. "ఇక సాయంత్రం దాకా ఊడదు, పో" అనేది.

ఎనభైల మొదట్లో ఇద్దరం పేటలో బి.ఎ.లో చేరాం. తెలుగు మీడియం, హిస్టరీ ఉన్న గ్రూపు. ఆ తర్వాత ఇద్దరం బి.ఇడి. చెయ్యాలని, ఒకే స్కూల్లో టీచర్లుగా చేరాలని, ఒకే గదిలో అద్దెకుండాలని అన్నీ మాట్లాడేసుకున్నాం. వంట ఎవరు చెయ్యాలో కూడా. నేనే అట.

ఇక పొలం సంగతి చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లూ ఆ ఊరే. పెళ్లిలో ఆమెకి పసుపు కుంకుమ కింద ఒక చెక్క పొలం ఇచ్చారు. పసుపు కుంకుమ కింద వచ్చింది ఆడదాని సొంతం, మొగుడు దున్నుకోవచ్చు గానీ తనదనుకోకూడదు. ఆ చెక్కకి ఆనుకునే బాబాయి పొలం. ఏటా దుక్కులప్పుడు బాబాయి గట్టు పక్కన మొదటి చాలు వేసేవాడు, అంటే నాగలి ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకి పోతే పడే గీత. ఆ గీత గట్టు పక్కన పడాలి కదా, గట్టు మీద పడేది. తర్వాత పార తీసుకుని చెదిరిన గట్టుని తీరిగ్గా మావైపుకి సర్దేవాడు. మరుసటేడు మళ్లీ అంతే. చూడటానికి ఏం పోయినట్టుండదు. గట్టు మాత్రం నడుస్తూ ఉండేది.

"ఏమయ్యా, మీ తమ్ముడు మళ్లీ జరిపాడు, చూశావా?" అనేది అమ్మ.

"చూశాలే. ఒక్క చాలేగా" అనేవాడు నాన్న.

"నిరుడూ ఒక్క చాలే. అంతకుముందూ ఒక్క చాలే."

"చిన్నోడు. పోనీయే."

చిన్నోడట. అప్పటికే బాబాయికి చత్వారం వచ్చింది.

మా హిస్టరీ లెక్చరరు సముద్రం వైపు నుంచి వచ్చినాయన, టౌన్లో పుట్టి పెరిగినవాడు. పాఠం మాత్రం కథలాగా చెప్పేవాడు. బోర్డు మీద సుద్దముక్కతో యూరప్‌ని గీసేసి, ఆ దేశాల మధ్య అటూ ఇటూ తిరిగేవాడు. జర్మనీ నాయకుడికి మేం తుంపు మీసాలోడని పేరు పెట్టాం. ఇంగ్లండు ప్రధానమంత్రి ఎక్కడికెళ్లినా గొడుగు పట్టుకుని వెళ్లేవాడట, అందుకని గొడుగాయన. తుంపు మీసాలోడు ముందు తన సరిహద్దులోనే సైన్యం పెట్టనని ఒప్పుకున్న చోట సైన్యం పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత పక్కనున్న ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. అప్పుడూ గొణిగి ఊరుకున్నారు. ఆ పైన చెకోస్లవేకియా అంచున ఉన్న కొండ ప్రాంతం అడిగాడు, అక్కడ మావాళ్లున్నారు అని. ఇదే ఆఖరు, ఇక అడగను అన్నాడు. గొడుగాయన డెబ్బై దగ్గరపడ్డ వయసులో, అంతకుముందు సరిగ్గా విమానం ఎక్కని మనిషి, విమానం ఎక్కి ఆ తుంపు మీసాలోడి దగ్గరికి తిరిగి, చివరికి ఇచ్చేశాడు.

"ఏమనుకుని ఇచ్చి ఉంటాడు? చెప్పండి" అన్నాడు సారు.

నా పక్కనున్న మా బాబాయి కూతురు లేచింది. "ఒక్క చాలేగా అనుకుని ఉంటాడు సార్."

క్లాసంతా గొల్లుమంది, అందరివీ పొలాలేగా. సారుకి అర్థం కాలేదు. ఆయనకి తెలిసిన చాలు ఒకటే, వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టి చెప్పేది.

"చాలని ఎవరన్నారమ్మా? వాడు చాలు అనలేదు. అదేగా గొడవంతా" అన్నాడు.

పిల్లలు ఇంకా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట మా నాన్నది. ఎవరి గురించి అంటాడో నాకు తెలుసు. దానికి తెలుసో లేదో తెలీదు, అదే నా భయం.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. ఎప్పుడూ ఇవ్వదు. దిగబోయే ముందు, "సారు చెప్పిన తుంపు మీసాలోడు మా నాన్నేగా?" అంది.

"ఛ, ఊరుకో."

"మీ ఇంట్లో అన్నం తింటూ పెరిగినదాన్ని. మీ నాన్న మాటలు నాకు వినపడవనుకున్నావా?" అంది. అని నా పుస్తకాలు కూడా తనే తీసుకుని దిగింది.

ఆ ఏడు ఎండాకాలంలో బాబాయి చాళ్లు మానేసి అసలు సంగతికొచ్చాడు. మా చెక్క అంచునే బోదె ఉంది, కాలవలో నుంచి పొలాలకి నీళ్లు తెచ్చే చిన్న కాలవ. ఆ బోదెతో సహా ఆ పక్క తనకు రాసిమ్మన్నాడు. ఇవ్వకపోతే వాకిలికి అడ్డంగా గోడ లేపుతానన్నాడు. కూతుర్ని కాలేజీ మాన్పిస్తానన్నాడు. "మీ పిల్లతో కలిసి మా పిల్ల బస్సెక్కేది లేదు. ఒంటరిగా నేను పంపను" అన్నాడు. దానికి ఇంకా ఆఖరి సంవత్సరం మిగిలే ఉంది. అది వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది, నేనూ విన్నాను.

ఒక పొద్దున మా వసారాలో పెద్దమనుషులిద్దరు, నాన్న, బాబాయి కూర్చున్నారు. నలుగురు. అమ్మ లోపల టీ కాస్తోంది. మాట్లాడుకుంటున్నది ఆమె పుట్టింటి వాళ్లు ఆమెకిచ్చిన చెక్క గురించి. టీ తీసుకెళ్లి ఇచ్చాను, ఖాళీ గ్లాసులు తెచ్చాను. ఇంతలో తేలిపోయింది, బోదె పక్క బాబాయికి. బాబాయి మా నాన్న తల మీద చెయ్యి పెట్టి, "ఒట్టన్నా, ఇక నిన్నేమీ అడగను" అన్నాడు.

నాన్న వాళ్లని సాగనంపి, బజారుకి పోయి, కాగితంలో జిలేబీ కట్టించుకొచ్చాడు. ఆ మొహంలో వెలుగు నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. "అయిపోయిందే. ఇక ఏ గొడవా లేదు. పిల్లలిద్దరూ హాయిగా చదువుకుంటారు" అన్నాడు.

అమ్మ జిలేబీ ముట్టుకోలేదు. "మా అమ్మానాన్నా ఇచ్చిన చెక్క గురించి మాట్లాడుకుంటూ నన్నొక మాట అడిగారా?"

"నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా."

"మీరు కూర్చుంది వసారాలో. నేనున్నది వంటింట్లో" అంది అమ్మ. ఆ తర్వాత ఏళ్ల తరబడి, కూరలో ఉప్పు ఎక్కువైందని నాన్న అన్నా, "అడిగి వెయ్యాల్సింది, వసారాలోకొచ్చి" అనేది.

కాలేజీ తెరిచాక సారు ఆ పాఠం మళ్లీ ఒకసారి తిరగేశాడు, పరీక్షలకి వస్తుందని. మొదటిసారి చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. మ్యూనిక్ అనే ఊళ్లో నాలుగు దేశాల పెద్దలు కూర్చుని కొండలు ఇచ్చేశారు కదా, ఎవరి కొండలు ఇచ్చారో వాళ్లని ఆ గదిలోకే రానివ్వలేదట. చెకోస్లవేకియా నుంచి వచ్చినవాళ్లని హోటల్లో కూర్చోబెట్టి, అంతా అయిపోయాక పిలిచి, ఇదిగో ఇలా అనుకున్నాం అన్నారట. ఆ కొండల్లోనే వాళ్ల కోటలు, ఫిరంగులు అన్నీ ఉన్నాయి. కొండలు పోయాక మిగిలిన దేశం తలుపు లేని ఇల్లే. అక్కడ గొడుగాయన లండన్లో విమానం దిగి, సంతకాలు చేసిన కాగితం గాలిలో ఊపి చూపించాడు. జనం రోడ్ల మీదికొచ్చి సంబరపడ్డారు.

సారు అది చెబుతూ పెదవి విరిచాడు, ఎంత పిచ్చిజనం అన్నట్టు. నాకు మాత్రం జిలేబీ పొట్లం గుర్తొచ్చింది, పొయ్యి దగ్గర మా అమ్మ గుర్తొచ్చింది. పక్కకి చూశాను. అది పుస్తకంలో తలదూర్చి రాసుకుంటోంది. నా చెయ్యి మాత్రం బెంచీ కింద పట్టుకునే ఉంది.

ఆ ఏడాది గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మామూలు ఏడాదే, గొప్పేం లేదు. జడ వేసేది. బస్సెక్కేవాళ్లం. నా కేరియర్లో పప్పు దానిది, దాని కేరియర్లో వేపుడు నాది. బస్టాండులో జామకాయ కొని, ఉప్పూ కారం పెట్టించి, పెద్ద ముక్క ఎవరికని కొట్టుకునేవాళ్లం. అదెప్పుడూ నాకంటే ముందు తినేసి నా ముక్క వైపు చూసేది. శివరాత్రికి కోటప్పకొండకి మా ఊరి ప్రభ, అదే బండి మీద నిలబెట్టే ఎత్తైన వెదురు చట్రం, కట్టినప్పుడు నాన్నా బాబాయీ పక్కపక్కన నిలబడి ఒకే తాడు లాగారు. వెనక బండిలో మేమిద్దరం గొంతు పోయేలా అరిచాం. గట్టు ఆ ఏడాది కదల్లేదు. మా నాన్న పొద్దున్నే పొలం వెళ్లి చూసుకుని, నవ్వుకుంటూ వచ్చేవాడు, "చూశావా, మాటంటే మాటే" అని.

కాలేజీ వాళ్లు ఎత్తిపోతల జలపాతం చూపించడానికి తీసుకెళ్లారు. అందరూ నీళ్లు చూస్తుంటే మేమిద్దరం ఒక బండ మీద కూర్చున్నాం. నీళ్ల హోరుకి దగ్గరగా వచ్చి చెవిలో చెప్పాల్సి వచ్చేది.

"మా నాన్న ఆగడే" అంది. "ఈసారి అడిగితే ఇవ్వొద్దని పెదనాన్నకి చెప్పు."

"ఇవ్వకపోతే నిన్ను రానివ్వరుగా."

"ఇచ్చినా ఎన్నాళ్లు రానిస్తారు?"

"ఎన్నాళ్లయితే అన్నాళ్లు" అన్నాను.

అది నా వైపు చూసి, నా జడ కొస పట్టుకుని లాగింది. జడ బాగానే ఉంది.

ఇద్దరం పరీక్షలు రాశాం. ఆ వానాకాలం కాలవకి నీళ్లొదిలారు. మిరప నారు నాటిన కొత్తల్లో బాబాయి బోదెకి అడ్డం రాళ్లు వేసి మట్టి కొట్టాడు. మా చెక్కలోకి చుక్క రాలేదు. నాన్న వెళ్లి అడిగాడు. కోప్పడలేదు, అడిగాడు. "బోదె నాదని నువ్వే ఒప్పుకున్నావుగా అన్నా" అన్నాడు బాబాయి. నాన్న ఇంటికొచ్చి కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. మొక్కలు వాలిపోతుంటే రెండో రోజు పార తీసుకుని వెళ్లి అడ్డం తవ్వేశాడు. అక్కడే అన్నదమ్ములిద్దరూ కలబడ్డారు. పార కర్ర తగిలి నాన్న చెయ్యి విరిగింది. ఎత్తుకు పెంచిన చెయ్యే.

నరసరావుపేట ఆసుపత్రిలో నాన్న చేతికి కట్టుతో పడుకుని ఉంటే నేను ఊరుకోలేకపోయాను. "మా సారు చెప్పినట్టే అయింది నాన్నా. అడిగినప్పుడల్లా ఇస్తే ఇట్టాగే అవుద్ది. అక్కడా అంతే, ఆరు నెలలన్నా కాకముందే మిగిలిన దేశం కూడా తినేశాడు వాడు. మరుసటేడుకి యుద్ధం" అన్నాను.

నాన్నకి ఏ దేశమో తెలీదు, అడగలేదు కూడా. "పరీక్షలైతే రాశారుగా ఇద్దరూ" అన్నాడు.

తర్వాత పోలీసు స్టేషను, గురజాల కోర్టు, వాయిదాలు. వాకిట్లో గోడ లేచింది, మనిషెత్తు దాటి. నేను ఒక్కదాన్నే బి.ఇడి.కి వెళ్లాను. జడ నేనే వేసుకునేదాన్ని, మధ్యాహ్నానికి వదులైపోయేది. దానికి కృష్ణ అవతల, మిర్యాలగూడ వైపు సంబంధం కుదిర్చారు. మమ్మల్ని పిలవలేదు. గోడ అవతల మేళం మోగుతుంటే నాన్న పొద్దున్నే పొలం వెళ్లిపోయాడు. నేను డాబా మెట్ల మీద నిలబడ్డాను. అప్పగింతలయ్యాయి. కారెక్కబోతూ అది మా డాబా వైపు తలెత్తింది. చుట్టూ జనం. చెయ్యి ఊపలేదు, ఏడవలేదు. పూలజడ ముందుకి వేసుకుని, కొస పట్టుకుని రెండుసార్లు లాగి చూపించింది. కారు వెళ్లిపోయింది. నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇప్పటిదాకా మళ్లీ చూడలేదు. వాళ్లు అక్కడి నుంచి ఎటో వెళ్లారని విన్నాను. బాబాయి పోయాడు, నాన్నా పోయాడు. కోర్టులో ఏం తేలిందో అడక్కండి, తేలేసరికి గొడవపడ్డవాళ్లే లేరు.

పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో లేనిది ఒకటి నాకు తోస్తుంది. లండన్లో ఆ రోజు రోడ్ల మీదికొచ్చి సంబరపడ్డ జనానికి ఆ కాగితం వల్ల ఒక ఏడాది దక్కింది. ఆ ఏడాదిలో ఎవరో పెళ్లి చేసుకుని ఉంటారు. ఎవరి కొడుకో ఇంకో పండక్కి ఇంట్లోనే భోంచేసి ఉంటాడు. ఏ పిల్లలో కలిసి బస్సెక్కి ఉంటారు. అవతల చెకోస్లవేకియాలో దానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారో నాకు తెలుసు, మా అమ్మ ముందే పెరిగాను. రెండూ నిజమే. పిల్లలకి ఇవన్నీ చెప్పను. చెబితే పరీక్షలో రాసొస్తారు.

అమ్మ ఇప్పుడు మాచర్లలో నా దగ్గరే ఉంటుంది. మొన్న మధ్యాహ్నం నేను పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. ఇన్నేళ్లూ అడగనిది ఎందుకో అడిగాను.

"అమ్మా, ఆ రోజు వసారాలోకి పిలిచి, చెక్కలో బోదె పక్క ఇద్దామా అని నిన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?"

"ఇచ్చేదాన్ని" అంది. చేతిలో పని ఆపలేదు.

"మరి నాన్నని బతికున్నన్నాళ్లూ ఎందుకు సాధించావ్?"

"అడగలేదుగా." ఇంకో కాయ తుంచింది. "ఆ పిల్ల నీ జడ ఎంత బిగువుగా వేసేది. నాకెప్పుడూ రాలేదు అట్టా. ఇంకో ఏడాది ఇద్దరూ కలిసి తిరుగుతారంటే ఇంకో చాలు కూడా పొమ్మనేదాన్ని." తుంచిన కాయలు చేటలోకి తోసి, "ఎక్కడుందో ఏమో" అంది.

నా చేతిలో ఉన్న పేపర్లో ఏ పిల్లో బుజ్జగింపు విధానం సరైనది కాదు అని రాసి, కింద గీత కూడా కొట్టింది. మార్కు వేశాను. నా జుట్టు సగం ఊడింది, మిగిలింది తెల్లబడింది, జడ వెయ్యడానికి ఏమీ లేదు. అయినా నాకు ఆ ఇంకో ఏడాది కావాలి. ఇప్పుడైనా సరే, ఏ చాలు అడిగితే ఆ చాలు ఇచ్చి తెచ్చుకుంటాను.